తుపాకుల మోత కాదు, గదిలో గొడవ వినండి: అంతర్యుద్ధ సినిమాల మీద సమీక్ష

అంతర్యుద్ధం మీద తీసిన సినిమా పనికొస్తుందో లేదో తేల్చడానికి యుద్ధం సీన్లు చూడక్కర్లేదు. ఒకే పక్షంవాళ్లు ఒక గదిలో కూచుని వాదించుకునే సీను ఉందా? ఉంటే, రెండువైపుల మాటా సబబేనని చూసేవాడికి అనిపించిందా? ఈ రెండూ చూస్తే చాలు. పరాయి సైన్యంతో పోరులో శత్రువుని యూనిఫాం పట్టిస్తుంది. అంతర్యుద్ధంలో శత్రువు పేరు తెలుసు, వాళ్లమ్మ పేరు తెలుసు, ఏ వీధిలో ఉంటాడో తెలుసు. నిన్నటిదాకా ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నవాళ్లు ఇవాళ ఒకరి మీద ఒకరు తుపాకి ఎందుకు ఎక్కుపెట్టారో చెప్పలేని సినిమా ఎన్ని కోట్లు పోసినా సౌండ్ సిస్టం పరీక్షకే పనికొస్తుంది.

ఇక్కడ ఐర్లండ్, స్పెయిన్, బోస్నియా, అమెరికా సినిమాలున్నాయి, చివర్లో మనవీ ఉన్నాయి. ముగింపు చెప్పకుండా వీటి గురించి మాట్లాడటం కుదరదు. ముందు చూసి వస్తానంటే ఇక్కడే ఆగొచ్చు.

ఈ కొలతకు అన్నిటికన్నా బాగా నిలబడేది 'ది విండ్ దట్ షేక్స్ ది బార్లీ'. కెన్ లోచ్ దర్శకుడు, పాల్ లావర్టీ రచయిత. 2006లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ దీనికే వచ్చింది. 127 నిమిషాలు. కథ 1920లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో మొదలవుతుంది. కుర్రాళ్లు హర్లింగ్ ఆడుకుని ఇంటికొస్తారు. గుంపుగా చేరడం నిషేధం కాబట్టి 'బ్లాక్ అండ్ టాన్స్' అనే బ్రిటిష్ పోలీసు బలగం వచ్చి అందర్నీ గోడకు నిలబెట్టి పేర్లు అడుగుతుంది. మీహాల్ అనే కుర్రాడు తన పేరు ఐరిష్‌లోనే చెప్తాడు, ఇంగ్లీషులో చెప్పనంటాడు. అంతే, కొట్టి చంపేస్తారు. ఉద్యోగానికి లండన్ బయల్దేరబోతున్న డాక్టర్ డేమియన్ (కిలియన్ మర్ఫీ) ఇది చూసి కూడా ప్రయాణం మానుకోడు. స్టేషన్‌లో, సైనికులను ఎక్కించుకోం అన్న రైలు సిబ్బందిని తన్నడం చూశాకే వెనక్కి తిరుగుతాడు. ఒక్క దెబ్బకే హీరో మారిపోవడం చూసి చూసి అలవాటైన మనకు ఈ రెండో దెబ్బ దాకా ఆగడం కొత్తగా ఉంటుంది. మనిషి నిజంగా అలాగే మారతాడు కూడా.

అన్న టెడ్డీ అప్పటికే దళ నాయకుడు. ఇద్దరూ ఒకే దళంలో బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడతారు. 1921 డిసెంబరు 6న లండన్‌లో ఒప్పందం కుదురుతుంది. అక్కణ్నుంచి అన్న ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. సినిమాలో సగానికి మించి బ్రిటిష్ సైన్యంతో పోరే ఉంటుంది కాబట్టి, ఇది అంతర్యుద్ధ సినిమా ఎలా అయిందని మొదటిసారి చూసేవాళ్లకు అనుమానం రావచ్చు. రెండోసారి చూస్తే పగుళ్లు ముందే కనిపిస్తాయి.

మొదటి పగులు పంచాయతీలో. బ్రిటిష్ కోర్టులను కాదని ఐరిష్‌వాళ్లు సొంత కోర్టులు పెట్టుకున్నారు. ఆ కోర్టులో ఒక ముసలావిడ మీద వడ్డీ వ్యాపారి దావా వేస్తాడు. వసూలు చేసింది అన్యాయపు వడ్డీ అని తేలుస్తుంది న్యాయమూర్తి, ఆవిడా ఆడమనిషే. ఎదురు వ్యాపారే కట్టాలని తీర్పు. టెడ్డీ అతన్ని బయటికి తీసుకుపోతాడు, ఎందుకంటే దళానికి తుపాకులు కొనడానికి డబ్బిస్తున్నది ఆ వ్యాపారే. అక్కడ మొదలవుతుంది అరుపుల గొడవ. తుపాకి లేకుండా స్వరాజ్యం ఎలా వస్తుందని టెడ్డీ. మన కోర్టు తీర్పుని మనమే తుంగలో తొక్కితే ఆ స్వరాజ్యం ఎవరిదని డాన్. ఇద్దరిదీ నిజమే. రేపు ఒప్పందం వస్తే ఎవరు ఎటు నిలబడతారో సినిమా ఇక్కడే చెప్పేసింది, మనమే గమనించం.

ఈ డాన్ (లియమ్ కనింగ్‌హామ్) స్టేషన్‌లో తన్నులు తిన్న రైలు డ్రైవరు. 1913 డబ్లిన్ కార్మికుల పోరాటంలో కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ వెనక నడిచినవాడు. చిన్న పక్కమాట: తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి.గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరింది సరిగ్గా ఆ 1913లోనే. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి రావాల్సి వచ్చింది. డాన్ మాట్లాడే రాజకీయం గిరి గారు డబ్లిన్ వీధుల్లో విన్న రాజకీయమే.

రెండో పగులు ఇన్‌ఫార్మర్ సీను. 'ఇన్‌ఫార్మర్ నెపంతో' అని మొదలయ్యే వార్తలు దశాబ్దాలుగా చదివిన తెలుగు పాఠకులకు దీని బరువు ఎవరూ విడమర్చక్కర్లేదు. క్రిస్ రైలీ అనే కుర్రాడు భయపడి దళం ఆచూకీ చెప్పేశాడు. వాణ్ని చంపాల్సింది డేమియన్. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. ఐదేళ్లు మనిషి శరీరాన్ని చదివిన డాక్టరు ఇప్పుడు ఆ శరీరంలోకి గుండు దింపాలి. ఇక్కడ దర్శకుడి పనితనం చూడండి. సంగీతంతో ఏడిపించడు, మొహాల మీదికి కెమెరా తోయడు. కొండల్లో గాలి, తడి గడ్డి, చేతులు వణికే మనిషి. చంపాక డేమియన్ నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఆ కుర్రాడి తల్లికి తనే చెప్పానని, నీ మొహం మళ్లీ చూపించొద్దు అందని తర్వాత తను ప్రేమించిన షినేడ్‌తో అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సినిమా ఆఖర్న ఇదే తిరిగొస్తుంది.

ఇక అసలు గది. ఒప్పందం వార్త సినిమా హాల్లో న్యూస్‌రీల్‌గా తెలుస్తుంది. అందరూ కేకలేస్తారు, తర్వాత షరతులు తెర మీద పడతాయి, హాలు చల్లబడుతుంది. 26 కౌంటీలకు స్వపరిపాలన, ఉత్తరాన 6 కౌంటీలు వేరు, సభ్యులు బ్రిటిష్ రాజుకు విధేయత ప్రమాణం చెయ్యాలి. తర్వాతి సీన్లో దళంవాళ్లంతా ఒక గదిలో కూచుని తేల్చుకుంటారు. ఒప్పుకోకపోతే పెద్ద యుద్ధం తప్పదని లండన్ బెదిరిస్తోంది, ముందు ఊపిరి తీసుకుని తర్వాత మిగతాది సాధిద్దాం అని ఒకరు. ఇంతమంది చచ్చింది రాజుకి ప్రమాణం చెయ్యడానికా అని ఇంకొకరు. పేదవాడికి ఈ ఒప్పందంలో ఏముందని డాన్. ఇవి గాల్లోంచి పుట్టిన వాదనలు కావు. డబ్లిన్‌లో పార్లమెంటు 1922 జనవరి 7న ఒప్పందాన్ని 64-57తో ఆమోదించింది. తేడా 7 ఓట్లు. గదిలో ఆ బిగువు సరిగ్గా అంతే ఉంటుంది. చూస్తున్నవాడు ఒక్కో మనిషి మాట్లాడినప్పుడల్లా అటూ ఇటూ అవుతాడు.

ఈ సీను అంత సహజంగా రావడానికి కారణం లోచ్ పద్ధతి. కథ వరసలోనే షూటింగ్ చేస్తాడు, తర్వాత ఏం జరగబోతోందో నటులకు ముందే చెప్పడు. దానివల్ల మాటల మీద మాటలు పడతాయి, కొందరు నత్తుతారు, కొందరు చెప్పబోయి ఆగిపోతారు. మనవైపు చర్చల సీన్లలో ఒకరి డైలాగు పూర్తయ్యేదాకా మిగతావాళ్లు బొమ్మల్లా నిలబడతారు కదా, దానికీ దీనికీ తేడా పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

చివరి భాగం బాగా తొందరగా నడిచిపోతుంది, అదే ఈ సినిమాలో పెద్ద లోపం. ఐర్లండ్ అంతర్యుద్ధం 1922 జూన్ 28న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ భవనం మీద ఫిరంగులతో మొదలై 1923 మేలో ఆగింది. ఆ ఫిరంగులు కొత్త ఐరిష్ ప్రభుత్వం బ్రిటిష్‌వాళ్ల దగ్గర తెచ్చుకున్నవే. ఇలాంటి సంగతికి సినిమాలో చోటు దొరకలేదు. ఆ పదకొండు నెలల్లో కొత్త ప్రభుత్వం అధికారికంగా మరణశిక్ష అమలు చేసినవాళ్ల లెక్క సాధారణంగా 77గా చెబుతారు. ఆ సంఖ్య వెనకున్న పద్ధతి, అంటే సైనిక కోర్టులు, తెల్లవారుజామున కాల్చివేతలు, ఇవన్నీ డేమియన్ ఒక్కడి చావులోకి కుదించారు. బ్రిటిష్ సైనికులు కూడా దాదాపు అందరూ అరిచే పాత్రలే. జైల్లో తలుపు తీసి పంపేసే ఒక్క కుర్రాడే మినహాయింపు.

అయితే ఆ కుదింపులోనే ఒక గట్టి దెబ్బ ఉంది. బ్రిటిష్‌వాళ్లు ఒకప్పుడు తమను పెట్టిన గదిలోనే ఇప్పుడు డేమియన్‌ని పెట్టింది సొంత అన్న. ఆయుధాలు ఎక్కడున్నాయో చెప్తే వదిలేస్తానని టెడ్డీ బతిమాలుతాడు. క్రిస్‌ని తను ఎందుకు చంపాడో అన్నకీ తెలుసు, ఇప్పుడు తనే ఆచూకీ చెప్తే ఆ చావుకి అర్థం ఏముంది? ఇదీ డేమియన్ జవాబు. పొద్దున్నే అన్నే ఆజ్ఞ ఇస్తాడు. ఉత్తరం తీసుకుని షినేడ్ దగ్గరికి వెళ్తే, నిన్ను మళ్లీ చూడదల్చుకోలేదు పొమ్మంటుంది. క్రిస్ తల్లి మాట తిరిగొచ్చి టెడ్డీకి తగిలింది.

ఇదే కాలం మీద 1996లో నీల్ జోర్డన్ తీసిన 'మైఖేల్ కాలిన్స్' ఉంది, ఆ ఒప్పందం మీద సంతకం చేసిన ఐరిష్ నాయకుడు కాలిన్స్‌గా లియమ్ నీసన్ హీరో. వెనిస్‌లో గోల్డెన్ లయన్ అందుకుంది. కదలిక, వేగం, పెద్ద తెర హంగు కావాలంటే ఇది. చరిత్రకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్ మైదానంలో 14 మంది చనిపోయారు, ఆ సంఖ్య నిజం. సినిమాలోలా సాయుధ కారు మైదానం మధ్యలోకి వచ్చి కాల్చడం కల్పన. కాల్చింది నేల మీదున్న పోలీసు బలగం. కాలిన్స్ స్నేహితుడు హ్యారీ బోలాండ్ డబ్లిన్‌లో మురుగు కాలవ దారిలో చనిపోలేదు, స్కెరీస్ ఊళ్లో హోటల్లో కాల్పులు తగిలి పోయాడు. 1922 ఆగస్టు 22న కాలిన్స్ హత్య వెనక, ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలేరా (అలన్ రిక్‌మన్) చెయ్యి ఉన్నట్టు చూపించడం మరీ దిగజారుడు. గదిలో గొడవ ఇందులోనూ ఉంది కానీ ఒకవైపు హీరో, ఇంకోవైపు అలన్ రిక్‌మన్ చల్లటి చూపులు. మనం ఎటుండాలో మేకప్‌మనే నిర్ణయించేశాడు.

లోచ్‌దే ఇంకోటి, 'ల్యాండ్ అండ్ ఫ్రీడమ్' (1995, 109 నిమిషాలు). జిమ్ అలెన్ రాశాడు. స్పెయిన్ అంతర్యుద్ధం 1936 జూలై నుంచి 1939 ఏప్రిల్ 1 దాకా. లివర్‌పూల్‌లో పని లేని డేవిడ్ అనే కమ్యూనిస్టు కుర్రాడు ప్రభుత్వం మీద తిరగబడ్డ సైన్యాధిపతి ఫ్రాంకో మీద పోరాడటానికి వెళ్లి, కమ్యూనిస్టు పార్టీకి గిట్టని 'పౌమ్' అనే వామపక్ష దళంలో చేరతాడు. ఇక్కడా అసలు సినిమా ఒక గదిలోనే. దళం ఒక ఊరిని విడిపించాక దొర ఇంట్లో ఊరంతా కూచుంటుంది. దొర భూమి సరే, ఉమ్మడి చేద్దాం. మరి చిన్నరైతు సొంత చెక్క సంగతేంటి? కష్టపడి దున్నుకునే ఒక రైతు నాది నాకు వదలండంటాడు. అన్నీ ఉమ్మడి కావాల్సిందేనంటారు కొందరు. ఇవన్నీ ఇప్పుడెందుకు, బయటి దేశాలు భయపడి సాయం ఆపేస్తాయి, ముందు యుద్ధం గెలుద్దాం అని ఒక అమెరికన్. ఆడవాళ్లు మాట్లాడతారు, చేతులెత్తి ఓటేస్తారు. ఊరివాళ్లలో చాలామంది నటులు కాదు, అక్కడివాళ్లే. పది నిమిషాలకు పైగా సాగే ఈ సీన్లో ఒక్క తూటా పేలదు. భూమి పంపకం మీద కొట్లాట చూసిన ఏ తెలంగాణ పల్లెకైనా ఇది సబ్‌టైటిల్స్ లేకపోయినా సగం అర్థమవుతుంది.

దళం దగ్గరున్న తుపాకులు పాతకాలంవి. డేవిడ్ కొత్తవాళ్లకు నేర్పుతుంటే చేతిలోనే ఒకటి పేలి గాయపడతాడు. కొత్త ఆయుధాలు ఎందుకు రాలేదన్నదే రాజకీయం. బ్రిటన్, ఫ్రాన్స్ తాము జోక్యం చేసుకోబోమన్నాయి. ఫ్రాంకోకి జర్మనీ, ఇటలీ ఇచ్చాయి. రిపబ్లిక్, అంటే ప్రభుత్వం వైపు ఆయుధాలు ప్రధానంగా సోవియట్ నుంచి రావాలి, అవి ఎవరికి చేరాలో పార్టీ చూసుకుంటుంది. 1937 మేలో బార్సిలోనాలో రిపబ్లిక్ వైపువాళ్లే ఒకరినొకరు కాల్చుకున్నారు. అందులో ఒక చిన్న సీను. వీధికి ఈవలి భవనం మీద డేవిడ్, ఆవలి భవనంలో ఇంగ్లీషు యాస. ఎక్కడివాడివంటే మాంచెస్టర్ అంటాడు. మరి నువ్వటెందుకున్నావు, మావైపు లేకుండా? తెలీదంటాడు. డేవిడ్ దగ్గరా జవాబు లేదు. అంతర్యుద్ధం మొత్తాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన సీను ఇంకోటి లేదు.

లోపం: మనవరాలికి తాత ఉత్తరాలు దొరకడం, వాటిలోంచి కథ తెరుచుకోవడం బాగా అరిగిపోయిన చట్రం. పైగా కథ పూర్తిగా పౌమ్ వైపు నుంచే. 1937 జూన్‌లో ఆ పార్టీని నిషేధించినవాళ్ల వాదన, అంటే క్రమశిక్షణ గల ఒకే సైన్యం లేకుండా ఫ్రాంకోని ఆపలేం అన్నది, సరైన నోటి నుంచి వినపడదు. వినపడి ఉంటే సినిమా ఇంకా బరువెక్కేది.

బోస్నియా సినిమా దగ్గరికి వస్తే గది కాస్తా కందకం అవుతుంది. 'నో మ్యాన్స్ ల్యాండ్' (2001, 98 నిమిషాలు), డానిస్ తనోవిచ్ మొదటి ఫీచర్ సినిమా. మన 'లగాన్' ఆస్కార్ చేజారింది దీనికే. ఆ ఏడాది నొచ్చుకున్నవాళ్లు ఇప్పటికైనా దీన్ని చూసి ఆ కోపం పక్కన పెట్టడం న్యాయం. పొగమంచులో దారి తప్పిన బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) దళం సెర్బుల ముందు తేలుతుంది. రెండు సేనల మధ్య ఖాళీ కందకంలో ముగ్గురు మిగులుతారు. చికి బోస్నియాక్, నినో సెర్బు, మూడోవాడు సెరా స్పృహ లేకుండా పడి ఉంటాడు. చచ్చాడనుకుని సెర్బు సైనికుడు అతని వీపు కింద మందుపాతర పెట్టాడు. ఇది తొక్కితే పేలే రకం కాదు. బరువు తీసేస్తే గాల్లోకి ఎగిరి పేలుతుంది. అంటే సెరా కదిలాడంటే ముగ్గురూ పోతారు. కథకి ఇంజిన్ అంతా ఈ స్ప్రింగే.

యుద్ధం ఎవరు మొదలెట్టారన్న వాదన ఇందులో ఎలా తేలుతుందో చూడాలి. తుపాకి చికి చేతిలో ఉన్నప్పుడు నినో 'మేమే మొదలెట్టాం' అని ఒప్పుకోవాలి. కాసేపటికి తుపాకి నినో చేతికి వస్తుంది, ఇప్పుడు చికి వంతు. నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులో ఆగుతుంది. ఇద్దరికీ బన్యా లూకాలో ఒకే అమ్మాయి తెలుసని బయటపడే సీను వచ్చేసరికి ఇంక వీళ్లు కలిసిపోతారేమో అనిపిస్తుంది. కలవరు. మన సినిమా అయితే అక్కడ పాట పడేది.

కందకం పైన ఐక్యరాజ్య సమితి సైన్యం, టీవీ వాళ్లు. కింద మనిషిని కాపాడాలని ఒక ఫ్రెంచి సార్జెంటు ఆరాటపడతాడు, పైవాళ్లకు ఫైలు మూసేస్తే చాలు. మందుపాతర తీసే జర్మన్ నిపుణుడు దీన్ని తియ్యడం కుదరదని చెప్పేస్తాడు. ఆఖర్న అందరూ లారీలెక్కి వెళ్లిపోతారు, సెరా కదలకుండా పడుకుని ఉంటాడు, కెమెరా పైకి లేస్తుంది. ఈ సినిమాకు ఓ షరతు ఉంది: డబ్బింగ్ ప్రింటు చూడకూడదు. బోస్నియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ కలగలిసి, ఒకరి భాష ఒకరికి అర్థంకాక జరిగే తిప్పలే ఇందులో సగం కథ. అందరూ ఒకే భాష మాట్లాడే ప్రింటులో ఆ సగం ఎగిరిపోతుంది.

అమెరికా అంతర్యుద్ధం (1861-65) మీద సినిమాలకు లోటు లేదు, గదిలో గొడవకే లోటు. 1915 నాటి 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్', 1939 నాటి 'గాన్ విత్ ద విండ్' రెండూ బానిసత్వాన్ని కమ్మటి జ్ఞాపకంలా చూపించి పెట్టాయి. తర్వాతివాళ్లు చాలావరకు ఆ మచ్చ కడుక్కోవడానికే తీశారు. 'గ్లోరీ' (1989) మంచి ప్రయత్నం. నల్లవాళ్ల 54వ మసాచుసెట్స్ దళం, 1863 జూలై 18న ఫోర్ట్ వాగ్నర్ మీద దాడి. జీతం గొడవ నిజంగా జరిగిందే: తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, వీళ్లకు 10, అందులోంచి బట్టలకు 3 కోత. వీళ్లు ఆ జీతం ముట్టుకోకుండా నెలల తరబడి నిలబడ్డారు. సినిమా మాత్రం ఒక్క సీన్లో కాగితాలు చింపించి ఆ పట్టుదలను తేల్చేసింది. డెంజల్ వాషింగ్టన్‌కి ఆస్కార్ తెచ్చిన కొరడా సీను గొప్ప నటన, కానీ అమెరికా సైన్యంలో కొరడా శిక్ష 1861లోనే రద్దయింది. దళంలో ఎక్కువమంది బానిసత్వం తప్పించుకు వచ్చినవాళ్లు కారు, ఉత్తరాదిలో స్వేచ్ఛగా పుట్టినవాళ్లు. ఇది చిన్న తప్పు కాదు. తప్పించుకు వచ్చినవాడు పోరాడటానికి కారణం ఎవరైనా ఊహించగలరు. స్వేచ్ఛగా పుట్టినవాడు ఎందుకు వెళ్లాడన్నదే అడగాల్సిన ప్రశ్న, సినిమా దాన్నే వదిలేసింది.

'గెటిస్‌బర్గ్' (1993) నాలుగు గంటల పైమాటే, 254 నిమిషాలు. గడ్డాలు అతికించినట్టు తెలిసిపోతుంటాయి. ఓపిక లేకపోతే లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద 20వ మెయిన్ దళం తూటాలు అయిపోయి బాయొనెట్లతో కిందికి దూకే భాగం ఒక్కటి చూసి ఆపెయ్యండి. గుట్ట వాలు, ఎడమ పక్క ఎందుకు వంగాల్సి వచ్చింది, ఇవన్నీ పటం గీసినట్టు అర్థమవుతాయి. మిగతాదంతా జనరల్స్ ప్రసంగాలు.

గది కావాలంటే 'లింకన్' (2012, 150 నిమిషాలు). యుద్ధం బయట నడుస్తుంటుంది, లోపల బానిసత్వ రద్దు సవరణకు ఓట్లు లెక్కేసుకుంటుంటారు. ఓడిపోయి ఇంటికి పోతున్న సభ్యులకు ఉద్యోగాలు ఎరవేసి ఓట్లు లాగే బేరాలు మన రిసార్టు రాజకీయాలకు ఏం తీసిపోవు. 1865 జనవరి 31న 119-56తో నెగ్గింది, కావాల్సిన మూడింట రెండొంతులకు రెండు ఓట్లే ఎక్కువ. ఓ తప్పు చెప్పుకోవాలి: కనెక్టికట్ సభ్యుల్లో ఇద్దరు వ్యతిరేకించినట్టు చూపించారు, నిజానికి ఆ రాష్ట్రం వాళ్లంతా అనుకూలంగానే వేశారు. ఓట్లు పిలిచింది కూడా రాష్ట్రాల వరసలో కాదు, పేర్ల అక్షరక్రమంలో. ఉత్కంఠ కోసం వరస మార్చారు.

మనకు అంతర్యుద్ధం అనే మాటకన్నా దాయాదుల పోరు అన్నదే దగ్గర. పల్నాటి యుద్ధం అదే. గురజాల ఒకవైపు, మాచర్ల ఒకవైపు, కోడిపోరులో ఓడి ఏడేళ్ల వలస, తిరిగొచ్చాక రాజ్యం ఇవ్వకపోవడం, రాయబారం వెళ్లిన అలరాజుకి విషం, కారంపూడి రణం. తెర మీదికి రెండుసార్లు వచ్చింది. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలెట్టి మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశారు, నాగమ్మగా కన్నాంబ. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. ఇద్దరు నాగమ్మలూ నటనలో పులులే. చిక్కెక్కడంటే, మనవాళ్లకు ఏ దాయాదుల కథైనా భారతంలా కనిపిస్తుంది, ఎవరు కౌరవులో ముందే తేలిపోవాలి. నాగమ్మ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉండొచ్చన్న ఊహకు చోటే ఉండదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే బంతిలో కూచోబెట్టినందుకు, మాల కన్నమదాసుని సేనాని చేసినందుకు ఆనాటి పెద్దల్లో ఎంత మంట రేగి ఉంటుంది? ఆ గది తలుపు తీసి చూపించే సినిమా ఇంకా రావాల్సే ఉంది.

'మా భూమి' ఆ పని కొంత చేసింది. గౌతమ్ ఘోష్ మొదటి ఫీచర్ సినిమా, నిర్మాతల్లో బి.నర్సింగరావు ఒకరు, 1980లో జనంలోకి వచ్చింది. గద్దర్ తెర మీద పాడిన 'బండెనక బండి కట్టి' అందరికీ గుర్తే. కానీ ఈ సమీక్ష లెక్కలో దాని గొప్పతనం చివరి భాగం. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం పాలన పోయింది. ఊరొదిలి పారిపోయిన దొరలు మళ్లీ ఊళ్లోకొస్తారు. మరి పంచుకున్న భూమి? ఆ ప్రశ్న మీదే సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. కార్క్ కొండల్లో డాన్ అడిగినదీ ఇదే: జెండా మారితే పేదవాడికి ఏం మారింది? పాత ప్రింటు, మాటలు అక్కడక్కడా మసకగా వినపడతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నయం.

మణిరత్నం 'అమృత' (2002) శ్రీలంక యుద్ధం మీద. పెంచుకున్న పిల్ల కన్నతల్లిని వెతుక్కుంటూ పోవడం దాని బలం. 1983 నుంచి ఆ దేశం ఎందుకు తగలబడుతూ వచ్చిందో చెప్పకపోవడం దాని బలహీనత. తెలుగు డబ్బింగులో ఇంకో నష్టం ఉంది. తమిళంలో మద్రాసువాళ్ల మాటకీ ఈళం వాళ్ల మాటకీ యాసలోనే దూరం తెలుస్తుంది. ఒకే భాష, అయినా పరాయి. తెలుగులో అందరూ ఒకేలా మాట్లాడేసరికి తల్లీకూతుళ్లు కలిసిన సీన్లో ఆ దూరం మాయమైపోయింది. తమిళ ప్రింటు సబ్‌టైటిల్స్‌తో చూడండి.

చూసే వరస: ముందు 'నో మ్యాన్స్ ల్యాండ్', దానికి చరిత్ర చదువుకోనక్కర్లేదు. తర్వాత ఐర్లండ్, దాని వెంటనే 'మా భూమి'. స్పెయిన్ సినిమాకు ముందు పౌమ్, కమ్యూనిస్టులు, అరాచకవాదులు ముగ్గురూ ఫ్రాంకోకి వ్యతిరేకులే అన్న ఒక్క ముక్క రాసి పక్కన పెట్టుకోండి, లేకపోతే బార్సిలోనా భాగంలో ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో అర్థంకాదు. కార్క్ యాస ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకూ చెవిన పడదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. జైల్లో బ్రిటిష్‌వాళ్లు టెడ్డీ గోళ్లు పీకే సీను ఉంది, పిల్లలు పక్కనుంటే ముందే బయటికి పంపండి. ఇన్‌ఫార్మర్ సీనుకి మాత్రం పెద్దపిల్లల్ని కూచోబెట్టొచ్చు, కాకపోతే ఆ రాత్రి వాళ్లు అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి.